ఎడంచేతికి చేరని నాణెం

పొద్దున షట్టరు ఎత్తగానే పెద్దన్న చేసే పని ఎప్పుడూ ఒకటే. ముందు అద్దం తుడుస్తాడు, తర్వాత కుడి కుర్చీ దులుపుతాడు, ఆ తర్వాత ఎవరూ కూర్చోని ఎడం కుర్చీ కూడా దులుపుతాడు. దాని మీద వెంట్రుక ముక్క పడి ఏళ్ళవుతోంది. అయినా దులుపుతాడు. మనిషి మొండివాడే గానీ శుభ్రం విషయంలో వంక పెట్టలేం.

ఆ కుర్చీ తమ్ముడిది. వీధిలో అందరికీ వాళ్ళు పెద్దన్న, చిన్నన్న. ఆ సెలూనులో వాళ్ళ నాన్న వదిలి వెళ్ళిన మంచి కత్తెర ఒక్కటే ఉండేది. అన్న కుడి కుర్చీ దగ్గర, తమ్ముడు ఎడం కుర్చీ దగ్గర నిలబడి ఆ ఒక్క కత్తెరతోనే ఇద్దరూ పని లాగించేవాళ్ళు. అన్న తల తిప్పకుండా చెయ్యి ఎడం పక్కకి చాస్తే చాలు, తమ్ముడు అందుకునేవాడు. ఇతను దువ్వుతుంటే అతను కత్తిరించేవాడు. ఒక్కసారైనా అది కింద పడిందని ఎవరూ చెప్పలేరు. పిల్లల తలలన్నీ తమ్ముడివే. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క పలక వేసి పిల్లల్ని కూర్చోబెట్టి, చెవి వెనక నుంచి నాణెం తీసి చూపించి, వాళ్ళు తెరిచిన నోరు మూసేలోపల సగం తల పూర్తి చేసేవాడు.

ఒకరోజు తమ్ముడు ముచ్చటపడి జుట్టు కత్తిరించే కరెంటు మిషన్ కొనుక్కొచ్చాడు. అన్నకి ఒళ్ళు మండింది. దాంతో పోయి గొర్రెల బొచ్చు తీసుకోమని కస్టమర్ల ముందే అనేశాడు. తమ్ముడు చేతిలో ఉన్న కత్తెర అద్దం ముందు పెట్టి, మిషన్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఊళ్ళో సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరిలో ఒక్కడూ మెట్టు దిగలేదు.

పిల్లలు పెద్దన్నకి లొంగలేదు. పలక ఎక్కగానే ఏడుపు లంకించుకునేవాళ్ళు. వాళ్ళు రావడం మానేశారు, వాళ్ళ వెనకే నాన్నలూ మానేశారు. చివరికి ఎడం కుర్చీ అమ్మకానికి పెట్టాడు. శనివారం బండి తెచ్చి పట్టుకెళ్తామన్నారు కొన్నవాళ్ళు. బేరమైతే కుదిరింది గానీ పెద్దన్న మనసు కుదుటపడలేదు. పిల్లలు మళ్ళీ వస్తే కుర్చీ ఉంచుకోవచ్చు కదా అని, పక్క కొట్టు గడియారాల ముసలాయన దగ్గరికి నాణేల గారడీ నేర్చుకోడానికి వెళ్ళాడు. తమ్ముడికి నేర్పిందీ ఆయనే.

"ఇదేం బ్రహ్మవిద్య కాదోయ్," అన్నాడు ముసలాయన. "కుడి అరచేతిలో బొటనవేలి కింద కండ ఉంది చూశావా, నాణెం అక్కడ నొక్కిపట్టు. ఎడంచేతిలో పెడుతున్నట్టు నటించి, ఎడంచెయ్యి మూసెయ్. నువ్వూ దానికేసే చూడు. నువ్వెటు చూస్తే ఎదుటివాడూ అటే చూస్తాడు. అంతే."

పెద్దన్న చెప్పినట్టే చేశాడు. ఎడంచెయ్యి తెరిస్తే ఖాళీ.

"బావుంది. కుడిచెయ్యి చూపించు."

కుడిచెయ్యీ ఖాళీయే.

"ఏదీ నాణెం?"

"పోయింది బాబాయ్."

చొక్కా దులిపారు, బల్ల కింద వెతికారు. ముసలాయనకి చిరాకేసింది.

"నిన్ను మాయం చెయ్యమన్నానా? మాయం చేసినట్టు కనపడమన్నాను. ఉన్నది పోగొట్టడం కూడా ఓ విద్యేనా? మళ్ళీ చెయ్."

మళ్ళీ చేశాడు. మళ్ళీ పోయింది. ముసలాయన గడియారాలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని ఆ చేతిని కాసేపు పరీక్షించాడు.

"నీ చేతికి ఇచ్చినట్టు నటించడం రాదోయ్. ఎడం పక్కకి కదిలిందంటే ఇచ్చేస్తోంది. పాత అలవాటు, ఓ పట్టాన వదలదు. సాధన చెయ్."

పెద్దన్న కొట్లోనూ ఇంట్లోనూ సాధన చేశాడు. డబ్బాలో చిల్లరంతా ఖాళీ అయింది.

గురువారం బ్లేడ్లు అమ్మే కుర్రాడు వచ్చాడు. ఆ ఊరికీ ఈ ఊరికీ తిరిగేది అతనే.

"మీ తమ్ముడు మీ మీద గుర్రుగా ఉన్నాడన్నా," అన్నాడు సంచి దించుతూ.

"ఇప్పుడు నేనేం చేశాను?"

"గడ్డం గీస్తూ చెయ్యి చాపితే చాలు, నాణెం వచ్చి పడుతోందట. మొన్న ఒకాయన చెంప తెగాల్సింది. ఇలాగైతే పని చేసుకునేదెలా అంటున్నాడు."

"ఏం చేస్తున్నాడు వాటిని?"

"అద్దం ముందు గాజు సీసాలో దాస్తున్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వడు. చిల్లర అడిగితే నాక్కూడా ఇవ్వలేదు."

ఆ మధ్యాహ్నం పెద్దన్నకి భోజనం సయించలేదు. సంగతంతా భార్యకి చెప్పాడు.

"పంపేదేదో ఓ మాట పంపకూడదుటండీ? చిల్లర పంపడమేంటి?" అందావిడ.

"నేను పంపట్లేదే. అదే పోతోంది."

"మీ చేతికున్న బుద్ధి మీకెప్పుడొస్తుందో," అని ఆవిడ కంచం తీసేసింది.

శనివారం ఒక నానమ్మ మనవరాలిని తీసుకొచ్చింది. పిల్ల జుట్టు కళ్ళలో పడుతోంది. కుడి కుర్చీలో పలక ఎక్కగానే మూతి వంకర తిరిగింది. పెద్దన్న గబగబా నాణెం తీసి మాయం చేశాడు. పిల్ల ఏడుపు మర్చిపోయింది.

"మళ్ళీ తెప్పించు తాతా."

"ముందు ఈ పక్క కానీ," అని అతను ఒక పక్క జుట్టు కత్తిరించాడు. అంతలో కుర్చీ కోసం బండివాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పెద్దన్న ఎడం పక్కకి చూశాడు. తర్వాత తన చేతిలో కత్తెర చూసుకున్నాడు. అది నాన్నది. ఇద్దరిదీ. ఆ రోజు తమ్ముడు దాన్ని పెట్టేసి పోతుంటే, ఇది నీది కూడారా అని అనలేకపోయాడు. ఎంత చిన్న మాట, ఎంత సిగ్గుచేటు. కళ్ళు చెమర్చాయి. తల అద్దం వైపే ఉంచి, కత్తెర ఎడం పక్కకి చాచాడు. చేతిలో బరువు పోయింది. కింద పడ్డ చప్పుడు కాలేదు.

"కత్తెరేది తాతా?"

"మా తమ్ముడికిచ్చానమ్మా."

"మరి నా రెండో పక్క?"

"వాడొచ్చి కత్తిరిస్తాడు."

"సగం తలతో పిల్లనెలా తీసుకెళ్ళను నాయనా?" అని నానమ్మ నసిగింది.

"కూర్చోండమ్మా. రెండు బస్సులు మారి రావాలి."

నానమ్మ కూర్చుంది. పిల్ల మెడకి కట్టిన గుడ్డతోనే పోయి ఎడం కుర్చీలో ముడుచుకుని నిద్రపోయింది. పిల్లని లేపడం బాగోదని బండివాళ్ళు కూడా మెట్ల మీద చతికిలబడ్డారు. సొరుగులో ఇంకో కత్తెర ఉంది. పెద్దన్న దాన్ని తియ్యలేదు. తమ్ముడు రాకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలీదు. ఆ భయంతోనే తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చాక తమ్ముడొచ్చాడు. భుజాన సంచి, చేతిలో కత్తెర. అంచుల మధ్య మెత్తటి పిల్ల జుట్టు ఇంకా అంటుకునే ఉంది.

"సగంలో వదిలేస్తారా అన్నయ్యా ఎవరైనా?"

"ఆ రోజు నేనలా అనుండకూడదురా," అన్నాడు పెద్దన్న.

తమ్ముడు సంచి దించాడు. అన్న అందులోంచి మిషన్ తీసి, అద్దం ముందు సీసాలు జరిపి చోటు చేసి పెట్టాడు. తమ్ముడు ఎడం కుర్చీకి పలక వేసి, పిల్లని లేపి కూర్చోబెట్టి, చెవి వెనక నుంచి నాణెం తీశాడు.

"ఇందాక పోయిందే," అంది పిల్ల కళ్ళు నులుముకుంటూ.

"మరి కుర్చీ సంగతి?" అన్నాడు బండివాడు.

"కనబడట్లేదా, పనిలో ఉంది," అన్నాడు తమ్ముడు.

బండివాడు కాసేపు చూసి, ఎలాగూ వచ్చాం కదా, నాకూ కాస్త కత్తిరించమని కుడి కుర్చీలో కూర్చున్నాడు. పెద్దన్న దువ్వడం మొదలుపెట్టాడు. పిల్ల నుదుటి మీది జుట్టు సరిచేసి, తమ్ముడు తల తిప్పకుండా కత్తెర కుడి పక్కకి చాచాడు. అన్న చెయ్యి అప్పటికే అక్కడుంది.