అరవై ఒకటి

ప్యానెల్ తలుపు తీసి, మూడో అంతస్తుకు వెళ్లే తీగ మీద ఎడమచేతి వెనకవైపు ఆనించాడు. అరచేత్తో తాకకూడదు. షాక్ కొడితే పిడికిలి మూసుకుపోయి తీగను వదలదు. ఈ సంగతి తమ్ముడికి నేర్పింది తనే. ఈ ఆఫీసులో వాడికి ఉద్యోగం వేయించిందీ తనే, ఊడగొట్టిందీ తనే.

ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఎలక్ట్రీషియన్. వంగిన భుజాలు, కనుబొమ మీద కాలిన మచ్చ, చొక్కా జేబుకి టెస్టర్ పొడిచిన చిల్లు. అందరూ టెస్టరన్న అనే పిలుస్తారు. అసలు పేరు గుమాస్తాకి కూడా గుర్తులేదు. దానికి అతనికేం బాధ లేదు.

పదకొండేళ్ల కిందట మూడో అంతస్తు తీగే కాలింది. అంతకు ముందు వారమంతా తమ్ముడు మొత్తుకున్నాడు, వేడెక్కిపోతోందని. ఇంజనీరు, తీగను కరిచి పట్టుకుని కరెంటు కొలిచే తన క్లాంప్ మీటరు తగిలించి అంకె చూపించాడు. అరవై ఒకటి. ఎనభై ఆంపియర్ల దాకా తట్టుకునే తీగ అది. మీటరు కన్నా నీ చెయ్యి గొప్పదా అని నలుగురిలో తమ్ముణ్ణి ఎగతాళి చేశాడు. కాలాక రిజిస్టర్లో 'వదులు జాయింటు, పనివాడి నిర్లక్ష్యం' అని రాసి, సాక్షి సంతకం అన్నచేతే పెట్టించాడు. బుద్ధి గడ్డి తిని తనూ పెట్టాడు. తన చేతికి తగిలిన వేడిని కాదని ఆ అంకెనే నమ్మాడు.

"అన్నయ్యా, నేను గట్టిగానే బిగించాను," అన్నాడు తమ్ముడు. అన్నతో వాడు మాట్లాడిన ఆఖరి మాట అదే. మూడేళ్ల కిందట పోయాడు. మరదలు ఇతన్ని గడప తొక్కనివ్వలేదు.

పోయిన నెల కొత్త మీటరు తెచ్చిన కంపెనీ అమ్మాయి మాటల్లో చెప్పింది. పాత మీటరు నున్నటి కరెంటునే సరిగ్గా కొలుస్తుందట. మూడో అంతస్తులో ఉన్నలాంటి కంప్యూటర్లు కరెంటును గుక్కలు గుక్కలుగా తాగుతాయి, అందులో హార్మోనిక్స్ అనే అదనపు అలలు కలుస్తాయి. అప్పుడది సగటు చూసి మిగతాది ఊహించి తక్కువ చెబుతుందట.

ఇవాళ ఇంజనీరు రిటైరవుతున్నాడు. నాలుగింటికి సభ. మూడింటికి ముందే, ఆఖరిసారి ప్యానెల్ చూసి వెళ్లమని టెస్టరన్నే అతన్ని పిలిచాడు. ఇంజనీరు మురిసిపోయి, తన పాత మీటరుతో సహా వచ్చాడు.

ముందు హీటరు తీగ, అందులో పారేది నున్నటి కరెంటే. రెండు మీటర్లూ పన్నెండే చూపించాయి. తర్వాత మూడో అంతస్తు తీగ. పాతది ఆనాటిలాగే అరవై ఒకటి. కొత్తది తొంభై నాలుగు.

ఇంజనీరు నవ్వబోయాడు. కొత్తవి ఇలాగే తిక్కతిక్కగా ఉంటాయన్నాడు.

"హీటరు దగ్గర తిక్క లేదే సార్? పోనీ, ఒక్కటి చెప్పండి. తప్పు జాయింటుదే అయితే, తమ్ముణ్ణి పంపించిన నెలకే లావు తీగ ఎందుకు వేయించారు?"

ఇంజనీరు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"మీటరు తప్పని వారం తర్వాత తెలిసింది. అప్పటికే రాసేశాం కదా."

వారం! ఒక్క వారానికే తెలిసి, పదకొండేళ్లు ఎదురుపడి నవ్వుతూ బాగున్నావా అని అడిగాడు ఈ మనిషి. గొంతు పిసికేయాలనిపించింది. బదులుగా రిజిస్టరు, పెన్నూ చేతిలో పెట్టాడు.

"రాయండి. లేదంటే నాలుగింటికి సభలో ఈ మీటర్లు రెండూ మీ బల్ల మీదే పెడతాను."

'కొలత తప్పు. జాయింటు సరైనదే. పనివాడి దోషం లేదు.' ఇంజనీరు రాసి సంతకం పెట్టాడు. దాని కింద ఇతనూ రాశాడు: 'ఆనాడు సాక్షి సంతకం పెట్టిన నేనూ దోషినే.'

నాలుగింటికి రిజిస్టరు చంకన పెట్టుకుని హాల్లోకి వెళ్లాడు. సభలో చదవనని మాటివ్వలేదు కదా. పూలు, కేకు, జనం, అన్నీ ఉన్నాయి. కుర్చీ ఖాళీ. సారు వెనక మెట్ల మీదుగా ఎప్పుడో వెళ్లిపోయారని గుమాస్తా చెప్పాడు.

ఆ ఖాళీ కుర్చీ ముందే నిలబడి, తమ్ముడి పూర్తి పేరు పలికి, ఇద్దరి రాతలూ చదివాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పేజీ జిరాక్సు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మరదలి ఇంటివైపు బయల్దేరాడు.

కింద ప్యానెల్లో, తీగను కరుచుకుని, ఇంజనీరు మర్చిపోయిన పాత మీటరు ఇంకా అరవై ఒకటే చూపిస్తోంది.