అక్క వేషం

మార్చి పదకొండు. ఆ సాయంత్రం నేను, అత్తగారు, మరదలు ముగ్గురం రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం.

"అల్లుడుగారూ, గుడ్లకింతసేపా? కోడిచేత ఇప్పుడే పెట్టించారా?" అన్నారు అత్తగారు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుకి దక్కిన మంచి అదొక్కటే.

ఆవిడకి చూపు ఆనదు, మతి నిలవదు. నా భార్య పోయిందని చెప్పిన ప్రతిసారీ ఆవిడకది కొత్త చావే, గుండెలు బాదుకునేవారు. చూడలేక ఒకరోజు మరదలు అక్క గొంతుతో "అమ్మా" అంది. ఏడుపు ఆగింది. ఏడాదిగా రోజూ పనినుంచి రాగానే అక్క శాలువా కప్పుకుని, అక్కలా గొంతు సవరించుకుని తల్లి పక్కన కూర్చుంటోంది.

నాది నిఘంటువు కార్యాలయంలో పని. ఆ వారం నా వంతుకు 'వేషం' వచ్చింది. ముందు ఉడుపు, తర్వాత ఇంకొకరిలా కనబడటం. వ్యాపించేది, అంటే ఒంటినంతా కమ్ముకునేది అని వ్యుత్పత్తి. ప్రతి అర్థానికీ జనం నోట విన్న వాక్యమొకటి జతచేయడం మా పద్ధతి. మరదలిని అడిగాను.

"రాసుకో బావా. 'వేషం వేశాక నన్ను నా పేరుతో అన్నానికి పిలిచేవాళ్లే లేరు.'"

నేను రాసుకోలేదు.

ఆ పదకొండో తేదీ సాయంత్రం, తిన్నాక మరదలు గిన్నెలు తీస్తుంటే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "పెద్దమ్మాయ్, చిన్నది రావడమే మానేసింది. పోయిందా? నా దగ్గర దాస్తున్నారా?"

మరదలు శాలువా తీసి కుర్చీ మీద పడేసింది. "అమ్మా, నేనే. చిన్నదాన్ని. ఇక్కడే ఉన్నా."

అత్తగారు ఆమె మొహమంతా తడిమి చూశారు.

"ఊరుకో తల్లీ. నా ఏడుపు చూడలేక చెల్లెలి గొంతు చేస్తున్నావు. నాకు తెలీదా? అయ్యో, నా చిన్నదే!"

అంటూ గుండెలు బాదుకోసాగారు.

"మళ్లీ చెప్పు," అన్నాను మరదలితో.

"ఎన్నిసార్లు చెప్పను బావా? చెప్పేకొద్దీ చచ్చిపోతున్నాను."

కుర్చీ మీది శాలువా తీసుకుని కప్పుకుంది.

"ఏడవకమ్మా. నేనున్నాగా," అంది అక్క గొంతుతో.

చిన్నదాని కోసం ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి అత్తగారు నిద్రపోయారు. మరదలు ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని లేచింది. దుప్పటి సర్ది, దీపం ఆర్పి, గది తలుపు చప్పుడు కాకుండా మూసింది.