కడగని నక్షత్ర చేప

"జిడ్డు వదల్లేదమ్మాయ్," అంటూ అత్తగారు గిన్నెను మళ్లీ సింకులో పడేశారు. కోడలు గడియారం వంక చూస్తూనే తోమింది. బస్సు తప్పిపోయింది.

ల్యాబులోనూ ఆమె పని కడగడమే. సముద్రంలో నక్షత్ర చేపలు చేతులూడి, ముద్దలా కరిగి చస్తున్నాయి. నాలుగేళ్లుగా కారణం ఎవరికీ అంతుపట్టలేదు. వచ్చిన ప్రతిదాన్నీ కుళాయి కింద జిగురు పోయేదాకా కడిగి అందించాలని డైరెక్టరు నియమం. ఆమెకూ సముద్ర జీవశాస్త్రంలో పట్టా ఉంది. అయినా అందరికీ సింకు మేడమ్. ఆ పేరు పెట్టిన పెద్దమనిషెవరో గానీ ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "జోకు కూడా తట్టుకోలేరా?" అంటారు.

ఆ రోజు ఆలస్యమైన కంగారులో ఒక ముక్కను కడగడం మరిచి, జిగురుతోనే మైక్రోస్కోపు కింద పెట్టేసింది. చూస్తే వంపు తిరిగిన క్రిములు, కిటకిటలాడుతూ! కడిగినవాటిలో ఒక్కటీ లేదు. ఉప్పునీటి క్రిమి మంచినీళ్లు తగిలితే పగిలిపోతుంది. చదువుకున్న సంగతే, ఇన్నాళ్లూ తట్టలేదు. మూడు వారాలు భోజనాల వేళ ఒక్కతే పరీక్షలు చేసింది. ఆరోగ్యంగా ఉన్నవాటి జిగురులో ఆ క్రిమి లేదు. దాన్ని పెంచి ఆ ఆరోగ్యంగా ఉన్నవాటి తొట్టిలో వదిలితే ఆరో రోజుకి వాటికీ చేతులూడాయి.

ఎవరికైనా చెప్పాలనిపించి భర్తకు ఫోన్ చేసింది.

"కడక్కుండా పెట్టావా? ఇంట్లోనూ అంతేగా!" అని నవ్వాడు. "సరేగానీ, వచ్చేటప్పుడు అమ్మకి మాత్రలు తీసుకురా."

ఈ సంగతి విని సంతోషించే మనిషి లోకంలో ఒక్కరూ లేరే అని ఏడుపొచ్చింది. బతికుంటే తన అమ్మ కూడా ముందు "తిన్నావా?" అనే అడిగేది, కానీ ఆ తర్వాతైనా వినేది.

డైరెక్టరు మాత్రం ఎగిరి గంతేశాడు. "శెభాష్! రిపోర్టు టైపు చేసేయండి మేడమ్. నా ఆధ్వర్యంలో బృందం కనిపెట్టిందని రాయండి. కడగని సంగతి వద్దు, మనకే చెడ్డపేరు. చివర్లో కృతజ్ఞతల్లో మీ పేరు వేద్దాంలే."

ఆ సంగతి రాయకపోతే మిగతా ల్యాబులన్నీ కడుగుతూనే ఉంటాయి, వాటికి ఏమీ కనిపించదు. రాస్తే నాలుగేళ్ల తప్పు బయటపడుతుంది. కడిగిన చేతులు తనవి. ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అయినా కంప్యూటరు తెరిచింది.

రిపోర్టులో ఇలా టైపు చేసింది: "ఈ రోగ కారణాన్ని నాలుగేళ్లపాటు నా చేతులతో నేనే కడిగి పారబోశాను. కడగడం మరిచిన రోజున దాన్ని చూసిందీ నేనే."

కింద తన పూర్తి పేరు రాసి, డైరెక్టరుకు చూపించకుండానే అన్ని ల్యాబులకూ పంపేసింది.