చప్పుడు చెయ్యకు వదినా

ఊరి పక్క అడవిలో జంతువుల పార్కు వస్తే రైతు బాగుపడతాడని సభలో ఆఫీసరు చెప్పగా ఆమె విన్న మాట అక్షరాలా నిజమైంది. బాగుపడ్డవాడు ఆమె మరిదే. కాకపోతే వాడు వ్యవసాయం మానేసిన రైతు.

ఆమె చేను పక్కనే తన వాటా పొలంలో నాలుగు గదులు లేపి, ముందు పచ్చగడ్డి పరిచి, "అడవి అంచు విడిది" అని బోర్డు తగిలించాడు. కార్లేసుకుని వచ్చే మహానుభావులు ఆ గడ్డిమీద కుర్చీలు వేసుకుని గాలి పీల్చేవారు. గాలిని కూడా డబ్బిచ్చి పీల్చే జాతిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఆమె మొగుడూ బాగుపడ్డట్టే లెక్క. పార్కు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. మనుషుల బారినుంచి అడవిపందులను కాపాడటం ఆయన పని. పందుల బారినుంచి మొక్కజొన్నను కాపాడటం ఆమె పని. దీనికి జీతం లేదు, టోపీ లేదు. ఆయన జీతం కూతురి హాస్టలుకే చాలదు. ఆ చేను పోతే ఏడాది తిండి పోయినట్టే. అందుకే పొద్దు గూకగానే డబ్బా, కర్రా పట్టుకుని గట్టెక్కేది.

కంకులు పాలు పట్టాయో లేదో, ఒక సాయంత్రం పందులు చేలోకి దిగాయి. ఆమె డబ్బా ఎత్తేసరికి వెనకనుంచి ఎవరో కర్ర పట్టుకున్నారు. మరిది! వాడి వెనక, మెళ్ళో బైనాక్యులర్లు వేలాడేసుకున్న అతిథులు.

"చప్పుడు చెయ్యకు వదినా, నీకు పుణ్యముంటుంది. దూరంనుంచి వచ్చారు పాపం."

"నా చేనురా అది!"

"తెలుసు. మా వైపు గడ్డే కదా, అవి రావు. కాసేపు మేయనీ, ఫొటోలు తీసుకుని పోతారు."

"అబ్బ, ఎంత ముద్దుగా తింటున్నాయో!" అంది ఒకావిడ.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కర్ర లాక్కుని డబ్బా సొట్టలు పడేలా బాదింది. పందులు పరుగో పరుగు. అతిథులు చప్పట్లు కొట్టారు. అదీ వినోదంలో భాగమే అనుకున్నారు, సన్నాసులు.

మర్నాడు పొద్దున్నే మరిది పళ్ళికిలిస్తూ వచ్చాడు.

"నువ్వు వాళ్ళకి తెగ నచ్చావు వదినా. ఈ పూట కూడా కొట్టు. కాకపోతే కాస్త ఆలస్యంగా. అవి కడుపునిండా మేశాక."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

"దానికేం భాగ్యం, మరిదిగారూ!" అంది.

ఆ "గారు" వినగానే వాడు జాగ్రత్తపడాల్సింది. పడలేదు. అతిథులను జీపెక్కించుకుని అడవి చూపించడానికి పోయాడు.

పందులు కొరికి పారేసిన కంకులన్నీ ఆమె తట్టకెత్తి, విడిది ముందు గడ్డినిండా చల్లింది. పైపైన తిని పోతే ఏం లాభమని, కుళ్ళిన చిలగడదుంపలు గడ్డి కింద అక్కడక్కడా పాతింది.

చీకటి పడుతుండగా జీపు తిరిగొచ్చింది. అప్పటికే పందులు పని మొదలుపెట్టాయి. పచ్చగడ్డి చాపలా చుట్టుకుపోయింది. కుర్చీలు వెల్లకిలా పడ్డాయి. అతిథులు అద్దాలెత్తుకుని జీపులోనే బిగుసుకు కూర్చున్నారు. ఇప్పుడు ఏ ఒక్కరికీ ముద్దు రాలేదు.

మరిది దూకి, ఒక కాలికే చెప్పుతో గట్టుదాకా పరుగెత్తుకొచ్చాడు.

"వదినా! ఆ డబ్బా ఇలా ఇయ్యి! తొందరగా!"

ఆమె డబ్బాను నేలమీద బోర్లించి, దానిమీద కూర్చుంది.

"చప్పుడు చెయ్యకు నాయనా. దూరంనుంచి వచ్చాయి పాపం."