ఎనిమిది జట్ల పుకారు

రాలిత్సాకి సూక్ష్మజీవులతో ఉన్నంత చనువు మనుషులతో లేదు. ద్రెనోవిత్సా పాలకేంద్రంలో పెరుగు పరీక్షించే ఉద్యోగం ఆమెది. సరిగ్గా తోడుకుందా, పులుపు ఎంతవరకు వచ్చింది అని చూసి సంతకం పెడితే ఆమె పని అయిపోయినట్టే. పెరుగు ఎదురు ప్రశ్నలు వేయదు. అటువంటి మనిషి బడి బడికీ తిరిగి విజ్ఞాన మేళాకి ప్రచారం చేస్తానని ఎలా ఒప్పుకుందంటే, రాజధాని సోఫియా నుంచి బోయన్ అనే కుర్రాడు ఫోన్ చేసి అడిగినప్పుడు కాదనడానికి తగిన సాకు ఆమెకు సమయానికి తట్టలేదు.

"ఏం లేదండీ, రెండు బడులకెళ్ళి పోస్టర్లు అంటించి, ఓ చిన్న ప్రయోగం చేసి చూపించి, పోటీలకి పిల్లల్ని పోగు చెయ్యాలి. మీ ఊరి నుంచి గట్టిగా జట్లు రాకపోతే మేళాని పక్క ఊరికి మార్చేస్తారు, అంతే" అన్నాడు బోయన్. 'అంతే' అన్న మాట అతను చాలా తేలిగ్గా అన్నాడు.

ఊళ్ళో బడులు రెండే. గుట్ట మీద ఉన్నది పై బడి, నది పక్కన ఉన్నది కింది బడి. పై బడికి రుమ్యానా హెడ్మిస్ట్రెస్. కింది బడికి ఆవిడ సొంత తమ్ముడు ఒగ్న్యాన్ హెడ్మాస్టరు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఊయల్లో ఉన్నప్పటి నుంచీ పోటీయేనని వాళ్ళ తల్లి స్తోయంకా అవ్వ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ ఉంటుంది.

రాలిత్సా ముందు పై బడికి వెళ్ళింది. ఏడో తరగతి పిల్లల ముందు పళ్ళెంలో పాలు పోసి, రంగు చుక్కలు వేసి, పుల్లతో మధ్యలో తాకింది. ఆ పుల్లకి సబ్బు రాయాలి. అప్పుడే రంగులు చెల్లాచెదురుగా పరుగెడతాయి. కంగారులో ఆమె సబ్బు మరిచిపోయింది. రంగులు ఉన్నచోటే ఉండి ఆమెను చూశాయి, పిల్లలు రంగుల్ని చూశారు.

"ఎప్పుడు మొదలవుతుందక్కా?" అని అడిగాడు ముందు బెంచీ పిల్లాడు, ఎంతో మర్యాదగా.

ఇక ప్రయోగం వదిలేసి ఆమె నాలుగు మాటలు చెప్పింది. చూసింది చూసినట్టు రాయాలి, సాక్ష్యం లేనిదే ఏ మాటా తేల్చి చెప్పకూడదు, విజ్ఞానమంటే అదే అని. ఆ మాటలు మాత్రం బాగానే వచ్చాయి. మూడో వరుసలో కళ్ళజోడు పెట్టుకున్న నెవెనా అనే అమ్మాయి వాటిని రాసుకుంది కూడా.

తర్వాత రుమ్యానా ఆమెను తన గదిలోకి పిలిచింది.

"అమ్మాయ్, నీ పాలు, నీ రంగులు బాగానే ఉన్నాయి గానీ మా బాధలు మావి. కప్పు కారుతోంది. పరీక్షలు నెత్తిమీదున్నాయి. లెక్కల మాస్టారు నడుం పట్టేసి పడుకున్నాడు. ఈ సంబరాలు వచ్చే ఏడు చూసుకుందాంలే."

"ఒక్క జట్టయినా ఇవ్వండి మేడమ్."

"ఒక్కటి కూడా కుదరదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, గాలి కొడుతోంది."

రాలిత్సా తలుపు దాకా వెళ్ళింది. మరి ఆ క్షణంలో ఏమైందో ఆమెకు తర్వాత ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్క పెరుగు గిన్నె విషయంలో కూడా అబద్ధం రాయని మనిషి, తలుపు గొళ్ళెం పట్టుకుని వెనక్కి తిరిగి, "సరేలెండి మేడమ్, మీ తమ్ముడు గారి బడి నుంచి ఎనిమిది జట్లు వచ్చేశాయి. దాంతోనే సరిపెట్టుకుంటాం" అంది.

కింది బడి గేటు దాకా కూడా ఆమె ఇంకా వెళ్ళలేదు.

రుమ్యానా చేతిలో కలం ఆగింది. "ఎంతా?"

"ఎనిమిది."

"ఒగ్న్యాన్ బడి నుంచా? ఆ నత్తగుల్ల బడి నుంచా? కూర్చో అమ్మాయ్. కాఫీ తాగుతావా? మా పేరు మీద పది రాసుకో. కాదు, పదకొండు."

మర్నాడు రాలిత్సా భయం భయంగానే కింది బడికి వెళ్ళింది. ఒగ్న్యాన్ ఒకప్పుడు ఆమెకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారే. గుమ్మంలోనే ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"రా తల్లీ, రా! రాత్రి అక్క ఫోన్ చేసింది. 'ఎనిమిది జట్లట కదా, సొంత అక్కకి మాటవరసకైనా చెప్పలేదే' అని ఒకటే దెప్పడం!"

"మాస్టారూ, అసలు సంగతేంటంటే..."

"నేనేమన్నానో తెలుసా? 'అవునక్కా, ఎనిమిదే. చాటింపు వేసుకోవడం నాకు అలవాటు లేదు' అన్నాను. అవతల్నించి చప్పుడు లేదు! నలభై ఏళ్ళుగా ఆ నిశ్శబ్దం కోసం చూస్తున్నానే!" అని గొంతు తగ్గించి, "ఆ ఎనిమిది ఎవడు పుట్టించాడో గానీ వాడి నోట్లో పంచదార పొయ్యాలి. ఇంతకీ ఇప్పుడు మనకి పన్నెండు కావాలి. పోటీలో ఏం చెయ్యాలేంటి?" అన్నాడు.

రాలిత్సా నోరు తెరిచింది. తెరిచిన నోటితో పోటీ నియమాలు చెప్పి వచ్చేసింది.

ఆదివారం స్తోయంకా అవ్వ ఇంట్లో భోజనాల దగ్గర పన్నెండు కాస్తా పదిహేనయింది, బియ్యం కూరిన మిరపకాయలు అయిపోయేసరికి పద్దెనిమిది. ఆ వారం ఊళ్ళో ఏ కొట్లోనూ వంటసోడా దొరకలేదు. వెనిగర్ లేక ఊరగాయలు పెట్టుకునే ఆడవాళ్ళు రెండు బడులనీ కలిపి తిట్టారు. కరెంటు పుట్టించడానికి నిమ్మకాయల్లో మేకులు, బంగాళాదుంపల్లో తీగలు దిగాయి. నది ఒడ్డు ఫ్లాట్లలో ఎవరిదో వంటసోడా అగ్నిపర్వతం పేలి మెట్ల మీది నుంచి రెండంతస్తులు కిందికి పొంగింది. పాలకేంద్రం ముందు పిల్లలు సీసాలు పట్టుకుని నిలబడి, "అక్కా, బతికున్న పెరుగు కావాలి, చచ్చిన పెరుగు కూడా కావాలి, తేడా చూడాలి" అన్నారు. రాలిత్సా సంతోషంగా సీసాలన్నీ నింపి ఇచ్చింది. ఆ వెంటనే ఆ అబద్ధం గుర్తొచ్చి లోపలికెళ్ళిపోయింది.

బోయన్ ఆనందం పట్టలేక ఫోన్ చేశాడు. "ఏం చేశారండీ! దేశం మొత్తం మీద మీ ఊరే ముందుంది. మీ పద్ధతేంటో చెప్పండి, స్వచ్ఛంద కార్యకర్తలందరికీ నేర్పిస్తాం."

"మనసు విప్పి మాట్లాడానంతే" అంది రాలిత్సా, గోడకేసి చూస్తూ.

మేళా రోజు సంస్కృతి మందిరం కిక్కిరిసిపోయింది. వేదిక మీద, నడవల్లో, ఆఖరికి కోట్లు తగిలించే గదిలో కూడా బల్లలే. మేయరు గారు రిబ్బను కత్తిరించి, రెండో బల్ల దగ్గరే ఆగిపోయాడు. పై బడి పిల్లలు తమ బడి కప్పు కారడాన్నే వానమాపకంగా మార్చారు. ఏ తరగతిలో ఏ వానకి ఎన్ని బకెట్లు నిండాయో రంగురంగుల గీతలతో వేసి, అన్నిటికన్నా పొడుగైన గీత దగ్గర 'మునిసిపాలిటీ మరమ్మతు చేయించామని చెప్పిన తర్వాత' అని రాశారు. మేయరు గారికి అర్జంటుగా ఏదో ఫోన్ వచ్చింది.

అంతలో న్యాయనిర్ణేతల్లో ఒకాయన పొద్దున తిన్న జున్ను రొట్టె పడక ఇంటికెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో రాలిత్సాని పెట్టారు. సోఫియా నుంచి వచ్చిన ప్రొఫెసర్ వేలికోవా, నక్షత్రాల మీద పరిశోధన చేసే పెద్దావిడ, ఆమె చెయ్యి పట్టుకుని బల్ల బల్లకీ నడిచింది. వెనకాలే అక్కాతమ్ముళ్ళు, ఎవరి బల్ల దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో కనిపెడుతూ.

కోట్ల గదిలో ఆఖరి బల్ల నెవెనాది. ఆమె పక్కన కింది బడి పిల్ల ఇస్క్రా. ఇద్దరిదీ ఒకే మేడ. బడులు వేరు గనుక ఆ జట్టుని రెండు బడులూ మాది కాదన్నాయి. వాళ్ళ అట్ట మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: 'మా ఊళ్ళో ఒక మాట ఎలా ప్రయాణం చేస్తుంది?'

"పరిశోధనకి ఒక పుకారు కావాల్సొచ్చింది" అని ఇస్క్రా గడగడా అందుకుంది. "కింది బడి నుంచి ఎనిమిది జట్లు అన్నది తీసుకున్నాం. కనపడ్డ ప్రతివాళ్ళనీ 'నీకెవరు చెప్పారు' అని అడిగాం. మంగలి షాపులో ఎనిమిది ఇరవై అయింది. చర్చి ఫాదర్ గారికి కాస్త చెముడు కదా, ఆయన దగ్గర జట్లు చెట్లయ్యాయి. కింది బడిలో ఎనిమిది చెట్లు కొట్టేశారని ఆయన మునిసిపాలిటీకెళ్ళి గొడవపడ్డారు."

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, నవ్వుకి నీళ్ళొచ్చి. అట్ట నిండా పేర్ల గళ్ళు, వాటి మధ్య బాణాలు. బాణాలన్నీ వెనక్కి వెనక్కి పోయి రుమ్యానా పేరు దగ్గర చేరాయి. ఆమె గడిలోకి ఇంకొక్క బాణం వస్తోంది. అది బయల్దేరిన గడి ఖాళీగా ఉంది.

"మరి ఇది?" అంది ప్రొఫెసర్.

"మేడమ్‌ని అడిగాం. 'విషయం తెలిసిన మనిషి చెప్పింది, పోయి చదువుకోండి' అన్నారు" అంది నెవెనా. "మాకో అనుమానం ఉంది. కానీ సాక్ష్యం లేదు. సాక్ష్యం లేకుండా ఏదీ తేల్చకూడదని రాలిత్సా అక్కే చెప్పింది. అందుకని ఖాళీగా వదిలేశాం."

ఆ పిల్ల కళ్ళజోడు అద్దాల్లోంచి సూటిగా చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు, వెటకారం లేదు. ఎదురుచూడటం మాత్రం ఉంది. రాలిత్సా సూక్ష్మదర్శిని మీద వంగి ఎన్నోసార్లు అలాగే ఎదురుచూసింది.

"కలం ఇస్తావా?" అంది రాలిత్సా.

ఖాళీ గడిలో తన పేరు తనే రాసింది. చివరి అక్షరం గీత దాటింది.

"నేనే చెప్పాను మేడమ్. అప్పటికి నేను కింది బడికి వెళ్ళనే లేదు. ఒక్క జట్టు కూడా లేదు. మీరు కాదంటే మేళా పోతుందని భయపడి నోటికొచ్చింది అనేశాను."

రుమ్యానా మెడ నుంచి పైకి ఎర్రబడింది. "అంటే నా బడి పిల్లలందరినీ, లెక్కల మాస్టార్ని మంచం మీంచి లేపి మరీ పరిగెత్తించింది ఒక గాలి కబురు కోసమా? నన్నింత వెర్రిదాన్ని చేస్తావా?"

ఒగ్న్యాన్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అక్కా, పడ్డావే! భలే పడ్డావే!"

"మాస్టారూ, మీ గడి కూడా ఉందండీ" అంది ఇస్క్రా మెల్లగా, అట్ట మీద వేలు పెట్టి. 'ఒగ్న్యాన్ గారు: అవును, ఎనిమిదే' అని అక్కడ రాసి ఉంది. కింద ఎర్ర సిరాతో, 'ఆ రోజు అసలు జట్లు: సున్నా.'

ఒగ్న్యాన్ నవ్వు సగంలో ఆగింది. ఇక అక్కాతమ్ముళ్ళు మొదలుపెట్టారు. నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని, చిన్నప్పుడు సైకిలు ఎవరు విరగ్గొట్టారు దాకా వెళ్ళారు. స్తోయంకా అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"సైకిలు విరగ్గొట్టింది మీ నాన్న. నోళ్ళు మూసుకుని పిల్లల్ని చూడండి. ఈ ఊళ్ళో ఇంతమంది పిల్లలు ఒక్కచోట చేరి చదువు గురించి అరుచుకోవడం నా జన్మలో చూళ్ళేదు."

మార్కులు వెయ్యనని రాలిత్సా కాగితం ప్రొఫెసర్‌కి ఇచ్చేసింది. మొదటి బహుమతి కారే కప్పుకి వచ్చింది, పుకారుకి రెండోది. మేము ఎక్కువమందిని అడిగాం, వాళ్ళు తక్కువ బకెట్లు పెట్టారు అని ప్రొఫెసర్ బస్సు ఎక్కేదాకా ఇస్క్రా ఆవిడ వెంటపడి వాదించింది. బోయన్ రాలిత్సాని పక్కకి పిలిచి, "మీ పద్ధతి మాత్రం ఎవరికీ నేర్పించంలెండి" అన్నాడు.

జనం వెళ్ళిపోయాక హాలంతా వెనిగర్ వాసన. నేల జిగురుగా కాళ్ళకి అంటుకుంటోంది. రాలిత్సా ఒక్కతే బకెట్టు తెచ్చుకుని తుడవడం మొదలుపెట్టింది. కాసేపటికి అవతలి మూల నుంచి ఇంకో తుడుపుకర్ర చప్పుడు వినబడింది. రుమ్యానా, మంచి కోటు చేతులు మోచేతుల దాకా మడిచి, తుడుస్తోంది. ఇద్దరూ అలా తుడుచుకుంటూ హాలు మధ్యకి వచ్చారు.

"తప్పయింది మేడమ్" అంది రాలిత్సా.

"తప్పే. నేను మర్చిపోను కూడా" అంది రుమ్యానా. తుడుపుకర్ర బకెట్టులో ముంచి గట్టిగా పిండింది. "కానీ నిజం చెప్పి అడిగినప్పుడు నేను ఒక్క జట్టు కూడా ఇవ్వలేదు చూడూ, అదీ నాకు మండుతోంది. జరుగు, అక్కడ బాగా తుడవలేదు నువ్వు."

రాలిత్సా జరిగింది. వేదిక కిందికి ఎక్కడివో ఎర్ర రంగు నీళ్ళు పారి ఎండిపోయాయి. అది వదిలించడానికి ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చింది.