రాని వాళ్ల రొట్టె

తాళాలాయన మూడో బెంచీ తుడుస్తూ ఆగిపోయాడు. తుడుపుకర్ర చోటు మారింది. నిన్న సాయంత్రం దాన్ని తలుపు వెనక ఆనించి పెట్టాడు. ఇప్పుడది కిటికీ పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. మార్చిందెవరో వేరే చెప్పాలా? మూతి ముడుచుకుని, కర్రను మళ్లీ తలుపు వెనక్కే చేర్చాడు.

పొట్టిమనిషి. వయసు అరవై మూడు. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ముప్పై ఒక్కేళ్లుగా చర్చి తాళాల గుత్తిని ఆ వైపు జేబులోనే మోస్తున్నాడు మరి. భార్య పోయి ఆరేళ్లయింది. చర్చి వెనక ఒంటిగదిలో ఉంటాడు. ఆ గది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. కూతురు ఫోన్ చేసినప్పుడల్లా, "మా దగ్గరికి వచ్చెయ్ నాన్నా," అంటుంది గాని, ఆ పిలుపులో అల్లుడి గొంతు ఏనాడూ కలవలేదు. అది గమనించనంత అమాయకుడు కాదు తాళాలాయన.

ఒకప్పుడు ఆదివారం ఈ బెంచీలు చాలక బయటినుంచి కుర్చీలు తెచ్చి వేసేవాడు. ఇప్పుడు ఇరవై మంది వస్తే గొప్ప. రెండు వీధుల అవతలున్న ఇంకో సంఘం పరిస్థితి మరీ కనాకష్టం. వాళ్ల చర్చి పైకప్పు కూలేలా ఉందని అధికారులు తాళం వేయించారు. నాలుగు నెలలుగా వాళ్లూ ఇక్కడే. ఎనిమిదింటికి వీళ్ల ఆరాధన, పదకొండింటికి వాళ్లది. వచ్చే నెల నుంచి రెండు సంఘాలకూ కలిపి పనికి ఒక్క మనిషే చాలంటున్నారు. వాళ్ల మనిషి కూడా వాళ్లతోనే వచ్చింది. అదీ అసలు తంటా.

ఆవిడకూ అరవై దాటాయి. బూడిదరంగు స్వెట్టరు, రబ్బరు చెప్పులు. అడుగు చప్పుడు కాదు. మనసులో ఏమీ లేనివాళ్లు నడిస్తే చప్పుడవ్వాలి కదా అని తాళాలాయన వాదన. పైగా ఊరికే మెచ్చుకుంటుంది. "బెంచీలు భలే మెరిపించారండీ అన్నయ్యగారూ!" అంది వచ్చిన వారమే. అన్నయ్యట! ఏదో ఆశించకుండా ఒకళ్ల బెంచీల్ని ఇంకొకళ్లు ఎందుకు పొగుడుతారు?

అన్నిటికన్నా అతన్ని తొలిచేస్తున్న సంగతి ఇంకొకటుంది. వాళ్ల ఆరాధన ముగియగానే ఆవిడ పక్కగదిలోకి పోయి లోపల గడియ పెట్టుకుంటుంది. ఇరవై నిమిషాలు బయటికి రాదు. ఆ గదిలో వెండి గిన్నెలున్నాయి, సంఘం కాగితాలున్నాయి.

ఈరోజు తేల్చేద్దామనుకున్నాడు. వీళ్ల ఆరాధనలో ప్రభు భోజనం రొట్టె పంచడం అయ్యాక, మిగిలిన రొట్టెను ఎప్పటిలాగే పెరటిగోడ మీద పిచ్చుకలకు చల్లాడు. వాళ్లవాళ్లు వచ్చారు, పాడుకున్నారు, వెళ్లిపోయారు. గడియ పడిన శబ్దం వినగానే పెరట్లోకి నడిచి, బకెట్ బోర్లించి, దానిమీద నిలబడి పక్కగది కిటికీలోంచి తొంగిచూశాడు.

ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో వెండి పళ్లెం. అందులో రొట్టెముక్కలు. ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, నీళ్లు తాగి మింగుతోంది. దొంగతిండి! తాళాలాయనకు ప్రాణం లేచొచ్చింది. మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయి బకెట్ మీంచి దిగాడు.

ముందు హాల్లో వీళ్ల సంఘం కార్యదర్శి, వాళ్ల పాస్టరు అయ్యగారు కూర్చుని వచ్చే నెల ఆరాధన వేళలు మాట్లాడుకుంటున్నారు.

"అయ్యా, దేవుడి రొట్టె తినేస్తోందండీ ఆవిడ! గడియ పెట్టుకుని మరీ. కళ్లారా చూశాను. ఇవాళ రొట్టె, రేపు గిన్నెలు. దొంగని ఇంట్లో పెట్టుకుని నన్ను అడక్కండి."

కార్యదర్శి కళ్లద్దాలు తీసి అయ్యగారి వైపు చూశాడు.

"అది ఆవిడ పనేనండీ," అన్నారు అయ్యగారు. "ఆశీర్వదించిన రొట్టె మేం పారెయ్యం. మిగిలింది అక్కడే తినెయ్యాలి. ఇదివరకు నలుగురం కలిసి తినేవాళ్లం. ఇద్దరు పోయారు. నాకు షుగరు. ఇక ఆవిడొక్కతే."

"అంతెందుకు మిగులుతుందండీ?" తాళాలాయన వదల్లేదు.

"వచ్చేది పదకొండు మంది. ఆవిడ నలభై ముక్కలు కోస్తుంది. తగ్గించమ్మా అంటే వినదు. ఎవరైనా మనసు మారి వస్తే, మీకు రొట్టె లేదని చెబుతామా అంటుంది."

"మరి గడియెందుకూ?"

అయ్యగారు గొంతు తగ్గించారు. "మీ గురించేనండీ. మొదటి వారం మీరు పిచ్చుకలకి రొట్టె వేస్తుంటే చూసి వణికిపోయింది. మా ముక్కలు కూడా ఎక్కడ చల్లేస్తారోనని గడియ పెట్టుకుంటోంది. మీ వాళ్లతో మాట్లాడతానన్నాను. వద్దంది. వాళ్ల పద్ధతి అదేనేమో, ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టొద్దంది."

 తాళాలాయన తల తిప్పితే, గుమ్మంలో ఆవిడ. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు.

"గది తీసే ఉందండీ అన్నయ్యగారూ," అంది. గొంతులో కోపం లేదు. "గిన్నెలన్నీ ఉన్నాయి, చూసుకోండి." తర్వాత అయ్యగారితో, "మా చెల్లెలు రమ్మంటోందండీ. ఇక అక్కడే ఉంటాను. వచ్చే వారం నాకోసం చూడకండి," అంది.

మెట్లు దిగి వెళ్లిపోయింది. అయ్యగారు లేచి ఆవిడ వెనకే పరుగెత్తారు. కార్యదర్శి కళ్లద్దాలు పెట్టుకుంటూ, "పోనీలే, నీ గది నీకు దక్కింది," అన్నాడు. ముప్పై ఒక్కేళ్లలో తాళాలాయన అంత సిగ్గుపడింది లేదు. పిలవాలని గేటు దాకా వెళ్లాడు. ఏమని పిలవాలి? ఆవిడ పేరు కూడా ఎప్పుడూ అడగలేదు. వీధిలో అప్పటికే ఎవరూ లేరు.

పక్కగదిలోకి వచ్చాడు. పాడు అలవాటు, ముందు బీరువా వైపే చూశాడు. గిన్నెలన్నీ ఉన్నాయి. సగం దాకా ముక్కలున్న పళ్లెం స్టూలు మీద ఉంది. పెరటిగోడ మీద వేద్దామంటే చెయ్యి రాలేదు. తిందామంటే తను వాళ్ల మనిషి కాదు. తినొచ్చో లేదో అడుగుదామంటే ఆవిడను తనే వెళ్లగొట్టాడు. గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. పళ్లెం అంచున ఉన్న రొట్టెముక్క సగం కొరికి ఉంది.