లోకనాథం ఊఁల జాడీ

రెల్లిగెడ్డలో రేడియో స్టేషన్ తెరిచిన రోజున టైలరు లోకనాథం నోట్లోంచి ఒక "ఊఁ" ఊడిపడి, గుమ్మం దాటి, రోడ్డు వారగా స్టేషన్ వైపు నడిచి వెళుతుంది. చింతగింజంత ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. అతని భార్య పైడమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ దాన్ని చూస్తుంది.

నిన్నటిదాకా ఆ ఊఁలన్నీ ఆమెవే. పక్కింటి గేదె ఈనిందన్నా, చచ్చిపోయిన అత్తగారు కల్లోకొచ్చి ఉప్పు అడిగిందన్నా, మిషను తొక్కుతూనే అతను ఊఁ కొడతాడు. ఊఁ కొట్టే మనిషి లేకపోతే ఏ కబురైనా ముందుకు సాగుతుందా, మీరే చెప్పండి.

ఇప్పుడు పన్నెండున్నరకి రేడియోలో హైమవతి మాట్లాడుతుంది. వరి తెగుళ్లు, పిల్లల గజ్జి, శ్రోతల ఉత్తరాలు. పాటల్లేవు, అన్నీ మాటలే. లోకనాథం రేడియోకి ఊఁ కొడతాడు. ఊళ్లో మగాళ్లందరూ కొడతారు. ఊఁలు చీమల బారులా స్టేషన్‌కి పోయి, మనిషికొక జాడీ చొప్పున అందులో చేరతాయి.

"ఆ పెట్టెకి నీ ఊఁ ఇనపడతాదేటి?" అంటుంది పైడమ్మ.

"మాటాడే మనిషికి ఊఁ కొట్టకపోతే మర్యాద కాదే."

"మరి నాను మనిషిని కానేటి?"

మిషను చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఏళ్లు గడుస్తాయి. జాడీలు పట్టక స్టేషన్ గది ఏడాదికి పది అడుగులు పొడుగవుతుంది. ఊఁలు తిని స్టేషన్ ముందున్న రేడియో స్తంభం కొబ్బరిచెట్టులా ఎదుగుతుంది. విమానాలు తగలకుండా దాని కొసన ఎర్రదీపం పెడతారు. పైడమ్మ పోస్టుమాస్టరు చేత కార్డు రాయిస్తుంది: "హైమవతి గొంతు బొంగురుపోయింది, మానిపించండి." మర్నాడు హైమవతి ఆ కార్డునే చదువుతుంది. ఎంత ముద్దుగా చదువుతుందంటే, వింటున్న పైడమ్మ తెలియకుండానే "ఊఁ" అనేస్తుంది. అదీ గుమ్మం దాటి వెళ్లిపోతుంది. ఆ పూట ఆమెకి అన్నం సయించదు.

ముప్పయ్యో ఏట, పాటలు వేసే స్టేషన్లు వచ్చి, దీన్ని మూసేయమని ఉత్తర్వు వస్తుంది. పైడమ్మ కొంగు బిగించి వెళుతుంది. గది ఆ చివర, కళ్లజోడుకి దారం కట్టుకున్న చిన్న మనిషి కూర్చుని ఉంటుంది. హైమవతి.

"మా ఆయన ఊఁలు ఇచ్చేయ్."

"తీసుకెళ్లమ్మా. నేను ఒక్కటీ వినలేదు."

"ముప్పై ఏళ్లు మింగి, ఇన్లేదా?"

"ఈ గోడలకి కన్నాల అట్టలు కొట్టారు, బయటి చప్పుడు రాకుండా. తలుపు దాటగానే ఊఁలన్నీ మూగవైపోతాయి. నేను గోడతో మాట్లాడుతూనే ముసలిదాన్నయ్యాను. నువ్వేమో వాటిని చెవులారా విన్నావు. నిన్ను చూస్తే నాకు కడుపు మండిపోతోంది."

పైడమ్మకి కడుపు చల్లబడుతుంది. అంత మంచి మాట ఆమెతో ఎవరూ అనలేదు. లోకనాథం జాడీ చంకనెత్తుకుని ఇంటికొస్తుంది.

మూత తీసి, మొగుడి ముందు పెట్టి, కబుర్లు మొదలుపెడుతుంది. ఒక్క ఊఁ పైకి రాదు. పెట్టెలోంచి వచ్చే మాటకే అలవాటు పడ్డాయి మరి.

అందుకని రేడియో వెనక అట్ట విప్పి, మోకాళ్లు ముడుచుకుని లోపల కూర్చుంటుంది.

"పక్కింటి గేదె మళ్లీ ఈనిందట."

"ఊఁ," అంటాడు లోకనాథం.

ఊఁ రేడియో ముందున్న గుడ్డ తెరలోంచి దూరి, వెచ్చగా ఆమె ఒళ్లో పడుతుంది. తర్వాత ఇంకొకటి. జాడీ వెనకే నడిచొచ్చిన హైమవతి గుమ్మంలో నిలబడి ఒక్క ఊఁ కోసం కొంగు పడుతుంది. పైడమ్మ ఒక్కటీ విదల్చదు.

అప్పుడు లోకనాథం మిషను ఆపుతాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి.

"హైమవతిగారి గొంతు ఇయ్యాల ఎంత బాగున్నాదో!" అంటాడు. "ఏమే పైడీ, ఇన్నావా?"

పెట్టెలో పైడమ్మకి పళ్లు పటపటమంటాయి. అయినా కబురు ఆపదు. ఆపితే ఊఁ ఆగిపోతుంది.

బయట గుమ్మంలోంచి హైమవతి మెల్లగా లోపలికొచ్చి, చేట ముందు కూర్చుని, బియ్యం ఏరుతూ, "ఊఁ, విన్నాను," అంటుంది.

స్తంభం కొసనున్న ఎర్రదీపం దిగి వచ్చి పైడమ్మ నుదుట బొట్టు చోట వెలుగుతుంది. విమానాలు ఆ ఇంటిని చూసి పక్కకి తప్పుకుని వెళుతున్నాయి.